ఆడోళ్ళు తాగని మాట

"ఓ బర్రె, గాయనకు జర చెప్పు. కంచంల అన్నమున్నది, ఉట్టి మీద పెరుగున్నది. తినబుద్ధయితె తినుమను. లేకుంటె మల్ల కరీంనగర్ బస్సెక్కుమను."

కిష్టవ్వ కుడితి బకెట్ బర్రె ముందట పెట్టి, దాని మెడ గోకుతూ అన్నది. అంతయ్య చెయ్యి చాపితే అందేటంత దూరంలో దొడ్డి గడప మీద కూసున్నడు.

కరీంనగర్ పోయి వచ్చిన కాడి నుంచి ఇదే తంతు. కిష్టవ్వ మొగనితో మాట్లాడదు. బర్రెతో మాట్లాడుతది, పొయ్యితో మాట్లాడుతది, చీపురుతో మాట్లాడుతది. జవాబు మాత్రం అంతయ్యే చెప్పుకోవాలె.

"బర్రెకేం ఎర్కనే? నాతోని చెప్పరాదు."

"దానికే ఎర్క." కిష్టవ్వ తల తిప్పలేదు. "బర్రెను అమ్మాల్నంటె సుత సంతల నిలవెట్టి, నలుగురు చూస్తుంటె బేరం చేస్తరు. నా బిడ్డను తలుపులు మూసిన రూముల, సల్లగాలి కింద ఇచ్చి వచ్చిండు."

"ఇచ్చుడు గాదే. మాటిచ్చిన. అంతే."

"విన్నవా బర్రె? మాట వేరట, పిల్ల వేరట."

బర్రె కుడితిలో మూతి పెట్టి బుసబుసమన్నది. ఆ ఇంట్లో ఆ పూట కడుపునిండా ఏదన్న తాగింది అదొక్కటే.

లోపటి నుంచి యాదవ్వ కొంగుతో మూతి తుడుచుకుంట వచ్చింది. అంతయ్యకు తోడబుట్టిన అక్క. మొగడు పోయినంక తమ్ముని ఇంటికే వచ్చి ఉన్నది. ఊర్లో ఎవరి పిల్ల కుదిరినా, ఎవరి పంచాయితీ తెగినా కల్లుకుండ పక్కన పీట ఆమెదే.

"తమ్మీ, ఒక్క ముచ్చట చెప్పు. మీరు తాగిన కాడ ఆడోళ్ళున్నరా?"

"బార్ల ఆడోళ్ళెందుకుంటరక్కా?"

"మరి పోసింది ఎవరు?"

"తెల్ల కోటు తొడుక్కున్న పిలగాడు. నెత్తికి పాగ సుత ఉండె. నేనెవరో పెద్దమనిషి అనుకొని లేచి నిలవడి దండం పెట్టిన."

యాదవ్వకు నవ్వు ఆగలేదు. కిష్టవ్వ నవ్వలేదు.

"నీ నెత్తి వలుగ! కల్లు తాగుడంటె పిల్ల తల్లి తన చేత్తోని పోయాలె, పిలగాని తల్లి తాగాలె. అప్పుడు గద మాట కుదిరినట్టు. మొగోళ్ళు తాగుడు మొగోళ్ళ దూపకు. దానికీ పెండ్లికీ ఏం సంబంధం?"

"గదే మాట లింగమూర్తి బావకు చెప్పు పోయి." అంతయ్యకు రోషం వచ్చింది. "పిలగాని మేనమామ ఆయన. తండ్రి లేని పిలగానికి ఆయనే తండ్రి. సంబంధం కుదిరిందని సుల్తానాబాద్ అంత చెప్పిండు. దసరా తెల్లారి కల్లుకుండలతోని మనింటికి వస్తున్నరు. మీ ఆడోళ్ళ తాగుడు గప్పుడు తాగుండ్రి."

గోకుతున్న చెయ్యి బర్రె మెడ మీదనే ఆగింది.

"ఇంటికా?" అన్నది కిష్టవ్వ.

ఆ మాట బర్రెతో అన్నదో, మొగనితో అన్నదో ఆమెకే తెల్వదు.

*

అంతయ్య అన్యాయం చేసిండని అనుడు సులువే. ఆ దినం ఆ బారు కుర్చీలో కూసున్నోళ్ళకు తెలుస్తది.

బయట టవర్ సర్కిల్ కాడ ఎండ నెత్తి పగులగొడుతున్నది. తలుపు తీసి లోపట అడుగుపెట్టంగనే పొద్దుగూకినట్టయింది. నీలం కరెంటు బుగ్గలు. గోడల నిండ బంతిపూల దండలు. గాలి పైనుంచి కాదు, గోడలోంచి వస్తున్నది, వాన పడే ముందు చెరువు మీది నుంచి వచ్చినట్టు. చంద్రిక బార్ అని దాని పేరు.

దసరాకని బారు యజమాని ఒక వేడుక పెట్టిండు. వచ్చినోళ్ళ ముందట ఒక పళ్ళెం, పళ్ళెంలో చిన్నచిన్న గ్లాసులు. ఒక్కోదాంట్లో ఒక్కో తీరు బీరు. ఒకటి ఎండిన వరిగడ్డి రంగు. ఒకటి ముదురు తేనె. ఒకటి నల్లగ, బెల్లం పాకం మాడినట్టు. అన్నీ రుచి చూసి, నచ్చినదాన్ని సీసా తెప్పించుకోవాలె. మూలకు ఒక ముసలాయన హార్మోనియం పేటి మీద వేళ్ళు ఆడించుకుంట గజల్ పాడుతున్నడు. ఉర్దూ మాటలు సగం తెలుస్తున్నయి, సగం తెలుస్తలేవు. తెలవని సగమే బాగున్నది.

అంతయ్య నల్లదాన్ని నోట్లో పెట్టుకున్నడు. నిప్పుల మీద కాలిన మక్కకంకి వాసన. చిన్నప్పుడు చేను కావలి కాడ బాపు ఒలిచి ఇచ్చిన కంకి. అంత దూరం నుంచి అది ఇక్కడికి ఎట్లొచ్చిందో. గడ్డిరంగుది తాగిండు. మంచు పడుతున్న పొద్దుగాల ఈతచెట్టు కింద నిలబడ్డట్టయింది. కండ్లు మూసుకున్నడు. తెరిస్తే ఇవన్నీ పోతయేమోనని జర సేపు తెరవలేదు.

"ఎట్లున్నది మామా?" అని కైలాసం అడిగిండు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన పెండ్లిపిలగాడు. తెల్లంగి, చేతికి గడియారం, ఎండకు కాలి నల్లబడ్డ మెడ.

"నిద్ర లెక్కున్నది బిడ్డా. మంచి నిద్ర."

కైలాసం నవ్విండు. "ఆడ మా క్యాంపుల ఇసోంటియి ఉండవు మామా. పని దిగినంక అందరం నేల మీద ఒరిగి నీళ్ళు తాగుతం. ఒకడు అంటడు, గిది మా ఊరి పరుపుతాటి కల్లు అని. ఇంకొకడు, కాదు, పొద్దటి ఈతకల్లు అని. నీళ్ళకు రుచులు చెప్పుకుంట పండుకుంటం."

అంతయ్య తన ముందటి తేనెరంగు గ్లాసును పిలగాని దిక్కు జరిపిండు.

లింగమూర్తి ఆయనను నడిమి కుర్చీలో కూసోబెట్టిండు. పల్లీల పళ్ళెం ముందటికి జరిపిండు. టేబుల్ ఫ్యాను ఆయన దిక్కు తిప్పుమన్నడు, పాట ఆయనకు వినవడేటట్టు పక్కకు జరిగి కూసున్నడు. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి అంతయ్యకు ఇటువంటి మర్యాద ఎవ్వరూ చెయ్యలేదు. రైసుమిల్లు కాడ బస్తా మీద కూసుంటడు. బ్యాంకు కాడ గోడకు ఆనుకొని నిలబడతడు. ఆడపిల్ల తండ్రికి మెత్తటి కుర్చీ వేసిన్రంటె అనుమానపడాలె. అనుమానపడే వయసు అంతయ్యకు ఉన్నది. కుర్చీ మెత్తగ ఉన్నది, అదే వచ్చిన చిక్కు.

"మరి పిల్ల మాదేనా బావా?" అన్నడు లింగమూర్తి.

"మీదే" అన్నది ఒక గొంతు.

తన గొంతే. ఎక్కడో వాగు అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలిచినట్టు వినవడ్డది.

*

పొద్దు వాలుతుంటె రాజమణి అరుగు మీద కూసోని బీడీలు చుడుతున్నది. ఒడిలో చాట, చాటలో ఆకు, తంబాకు. తన పెండ్లి గురించి ఇంట్లో ఇంత లొల్లి అయితుంటె ఆ పిల్ల నోట్లోంచి మాట రాలే. ఎవరూ అడుగలే. అడుగుతరని ఆ పిల్ల ఎదురు చూసినట్టు కూడ లేదు. వేళ్ళు మాత్రం ఆడుతున్నయి.

పక్కింట్లో టేప్‌రికార్డర్ మొదలయింది.

"అగో" అన్నది కిష్టవ్వ. "విను."

సుగుణ మొగడు దుబాయ్‌లో ఉంటడు. ఉత్తరానికి బదులు క్యాసెట్ నింపి పంపుతడు. ఆ క్యాసెట్‌నే సుగుణ మల్లమల్ల పెడుతది. గరగరమని చప్పుడు, తర్వాత మొగగొంతు: "అందరు మంచిగున్నరా?" అన్నది. అని, జవాబు చెప్పేందుకన్నట్టు ఆగింది. "బర్రె ఈనిందా?" మల్ల ఆగింది.

ఆ ఆగిన జాగలో పసిపిలగాని గొంతు వినవడ్డది. "ఈనింది బాపూ. దుడ్డె."

టేప్‌రికార్డర్ ఆ జవాబు వినలేదు. "చలి వడ్తుందా ఆడ?" అని తన మాట తాను చెప్పుకుంట పోయింది.

కిష్టవ్వ మొగని దిక్కు తిరిగింది. కరీంనగర్ నుంచి వచ్చినంక ఆయన మొఖం చూసి మాట్లాడింది అదే మొదలు.

"ఆ పోరడు డబ్బను బాపు అంటున్నడు. పోయిన సెలవుల వాళ్ళ బాపు నిజంగ వచ్చి ఎత్తుకుంటె ఏడ్చి డబ్బ వెనకకు ఉరికిండు. నా మనుమడు సుత గట్లనే అనాల్నా?"

అంతయ్య తల వంచుకున్నడు. "అందరు పోతుండ్రే. ఊర్ల ఉండేటోడు ఎవడున్నడు చెప్పు? ఎవుసం చేసేటోనికిస్తె బాయిల నీళ్ళుండవు. బొగ్గుబాయిల దిగేటోనికిస్తె ఎప్పుడు ఏమైతదో..." తువ్వాల ఈ భుజం నుంచి ఆ భుజం మీదికి వేసుకున్నడు. "పిలగాడు మంచోడే. నేను చూసిన గద."

"నువ్వు చూసింది సీసను."

"మాట తప్పితె రేపు నేను సుల్తానాబాద్ మార్కెట్ల మొఖం ఎట్ల పెట్టుకోవాలె? అంతయ్య పొద్దుగాల ఒకటంటడు, మాపటికొకటంటడు అనరా? రేపు నీ బిడ్డ కోసమే ఇంకెవడన్న మన గడప తొక్కుతడా?"

ఇది నిజమే. కిష్టవ్వకూ తెలుసు. పక్కింటి గొంతు మల్ల వచ్చింది. "పైలం. అందరు పైలం."

కిష్టవ్వ అన్నది: "నన్ను ఆడికి తీస్కపో."

"ఏడికి?"

"నా బిడ్డనిచ్చిన కాడికి. పిలగాని తల్లి చంద్రవ్వను సుత రమ్మను. ఆడోళ్ళ తాగుడు ఆడ్నే."

అంతయ్య దిగ్గున లేచిండు.

"నీకేమన్న సోయి ఉన్నదా? బార్లకు ఆడోళ్ళు..."

"ఉన్నది కాబట్టే అంటున్న. ఇంటికాడ కుండ దిగిందంటె వాకిట్ల ఊరంత ఉంటది. నలుగురి ముందట నేను పొయ్యను అంటె వాళ్ళ ఇజ్జత్, నీ ఇజ్జత్ రెండూ పోతయి. కాదనుడు ఉండదిగ. ఆడైతె నచ్చకుంటె లేచి బస్సెక్కుతం. ఎవడు చూడవచ్చిండు?"

అంతయ్య భార్యను చూసిండు. ఇన్నేండ్ల కాపురంలో ఈ మనిషి ఇంత దూరం ఆలోచిస్తదని ఆయనకు తెల్వదు. మొగోళ్ళకు చాన తెల్వదు. తెలుసుకునే టైముకు ఆడోళ్ళు అలిసిపోయి ఉంటరు.

"ఫ్యామిలీలకు వేరే రూములుంటయట" అన్నది యాదవ్వ, ఎప్పుడో పోయి వచ్చినట్టు. "తెర సుత కడతరట. నేనొస్త. సచ్చేలోపట ఆ సల్లగాలేందో చూడాలె."

"నేను సుత వస్త."

అందరు అరుగు దిక్కు చూసిన్రు. రాజమణి చాట పక్కకు పెట్టింది.

"పిల్ల రావద్దు" అన్నది యాదవ్వ. "కల్లు తాగుడుకు పిల్ల వచ్చే ఆనవాయితీ లేదు."

"బార్ల తాగే ఆనవాయితీ ఉన్నదా అత్తా?"

యాదవ్వ చాటలోంచి ఒక బీడీ తీసుకొని, అగ్గిపెట్టె కోసం ఇంట్లకు పోయింది.

*

ఇరుకుల్ల వాగు దాటుతుంటె నీళ్ళ మీది ఎండ బస్సు పైకప్పు మీద అల్లాడింది. యాదవ్వ దాన్ని చూసుకుంట నోరు తెరిచి కూసున్నది. కిష్టవ్వ కొంగు బిగించుకొని కూసున్నది. రాజమణి కిటికీకి తల ఆనించి కండ్లు మూసుకున్నది. నిద్రపోతున్నదో లేదో తెలుస్తలేదు. అంతయ్య నలుగురికీ కనవడకుండా ముందటి సీట్లో కూసున్నడు.

కబురందుకొని లింగమూర్తి, కైలాసం సుత వచ్చిన్రు; మొగోళ్ళు బారు పెద్దహాలులో ఆగిన్రు. ఆడోళ్ళను పాగ పిలగాడు పక్కకు తీసుకపోయిండు. ఎర్రటి తెర, తెర వెనక చిన్న గది. నాలుగు కుర్చీలు, ఎర్ర బుగ్గ, గోడకు వేలాడుతున్న బంతిపూల దండ. చంద్రవ్వ అప్పటికే వచ్చి కూసున్నది. కాళ్ళు పైకి తీసుకోవాల్నో, కింద పెట్టాల్నో తెలవక ఒకటి పైన, ఒకటి కింద పెట్టుకున్నది.

"రా ఒదినె" అన్నది. "నేను తప్పిపోయిననుకున్న. తెర ఇప్పితె ఇంకో తెర ఉన్నది ఈడ."

కిష్టవ్వ కోపంగ ఉండాల్ననుకొని వచ్చింది. నవ్వొచ్చింది.

పళ్ళెం వచ్చింది. చిన్న గ్లాసులు వరుసగ ఉన్నయి. ఎర్ర బుగ్గ కింద బీరు రంగులు ఇంకా ముదిరినయి. యాదవ్వ పాగ పిలగాన్ని చూసి, "ఆకు లేదా బిడ్డా?" అన్నది.

"ఏ ఆకమ్మా?"

"తాగే ఆకు. కల్లు వంపుకునేందుకు దోసిట్ల పట్టేటిది."

వాడు బిత్తరపోయి లోపటికి పోయి కరివేపాకు పట్టుకొచ్చిండు. ముగ్గురు ఆడోళ్ళూ కొంగు నోట్లో కుక్కుకున్నరు. తెర అవతల అంతయ్యకు ఆ నవ్వు వినవడి, ఊపిరి కొంచెం తేలికయింది.

యాదవ్వ గడ్డిరంగు గ్లాసు ఎత్తింది. కండ్లు మూసి, నాలిక మీద తిప్పుకొని మింగింది.

"చెట్టుది గాదు. ఏదో ధాన్యం. నానవెట్టిండ్రు. కానీ సల్లగున్నదే పిల్లా, పంటి నుంచి కాలి దాక పోయింది."

"ఒదినె, నీకు మీసమొచ్చింది" అన్నది చంద్రవ్వ.

యాదవ్వ పెదవి మీది నురుగు తుడుచుకోలేదు. "ఉండనియ్యి. మా ఆయనకు సుత గింత మంచిగ లేకుండె."

నల్లది కిష్టవ్వ తాగింది. మొఖం చిట్లించింది. "మాడింది గిది."

"మాడలేదే. ఆ మాడుడే దాని రుచి" అన్నది యాదవ్వ.

"కూర మాడినప్పుడు నేను గట్లనే అంటె తిడతవ్ గద."

హాలులోంచి గజల్ తెర కింది నుంచి నీళ్ళలాగ వచ్చింది. చంద్రవ్వ తల ఆడించింది. ఎవరికీ అర్థమైతలేదు. అర్థం కావాల్నని ఎవరూ అడుగలేదు. గోడలోంచి వచ్చే గాలికి బంతిపూల దండ ఊగుతున్నది, దాని నీడ కిష్టవ్వ చేతి మీద ఊగుతున్నది. పొలం, బర్రె, పొయ్యి, అన్నీ ఎవరివో అనిపించినయి. ఈ గదిలో కూసుంటె ఏ మాటైనా ఒప్పుకోబుద్ధయితది. మొగడు ఎందుకు ఒప్పుకున్నడో ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఆయన మీద కోపం పోలేదు, తన మీద భయం వేసింది.

"ఒదినె" అన్నది చంద్రవ్వ. గొంతు తగ్గింది. "నేను సక్కగ చెప్త. దాచుడు నాకు రాదు. మావాడు మల్ల పోతడు. దీపావళి వెళ్ళంగనే పోతడు. వాడు పోయినంక నా ఇల్లు ఎట్లుంటదో తెలుసా? పొద్దుగాల లేచి నేనే దగ్గుత, నేనే వింట. అన్నం వండుకుంటె ఒక్కదానికి ఎక్కువయితది, తక్కువ వండబుద్ధి గాదు. నీ బిడ్డ వస్తె నాకు ఇంట్ల మనిషి గొంతు వినవడతది. కన్నబిడ్డ లెక్క చూసుకుంట. నా మీద ఒట్టు."

ఆమె కండ్లలో నీళ్ళున్నయి. బీరు నీళ్ళు కావు. కిష్టవ్వకు అబద్ధం పట్టుకునుడు తెలుసు. ఇది అబద్ధం కాదు.

అదే వచ్చిన కష్టం. చెడ్డమనిషైతె లేచి పోవచ్చు. మంచిమనిషి ముందట నుంచి లేచుడు ఎట్ల?

"పొయ్యవే కిష్టి" అన్నది యాదవ్వ మెల్లగ. "ఇంత సక్కని మనిషి దొరుకదు."

కిష్టవ్వ పాగ పిలగాడు తెచ్చి పెట్టిన సీసా ఎత్తింది. చంద్రవ్వ గ్లాసు రెండు చేతులతో ముందటికి పట్టింది, దండం పెట్టినట్టు. పోస్తే అయిపోయింది. మాట కుదిరింది. ఊరికీ, మార్కెట్టుకూ, అందరికీ.

సీసా మూతి గ్లాసుకు తగిలింది. చిన్న చప్పుడు.

"అవ్వా."

గోడ పక్కన కుర్చీలో ఇప్పటిదాక ఒక్క చుక్క ముట్టని రాజమణి లేచి నిలబడ్డది.

"జర ఇటియ్యి."

కిష్టవ్వ ఇచ్చిందో, పిల్ల గుంజుకున్నదో ఇద్దరికీ తెల్వదు. సీసా రాజమణి చేతిలో ఉన్నది.

"అత్తమ్మా" అన్నది చంద్రవ్వతో. ఆ పిలుపుకు చంద్రవ్వ మొఖం విచ్చుకున్నది. "నీకు తోడు దొరుకుతది. ఆయనకు ఇల్లు చూసుకునే మనిషి దొరుకుతది. మా బాపుకు మాట నిలవడతది. నాకేం దొరుకుతదో ఒక్కసారి అడిగొస్త."

తెర పక్కకు జరిపింది.

*

హాలులో మాటలు ఒక్కొక్క టేబుల్ మీద ఆరిపోయినయి, దీపాలార్పుకుంట ఎవరో నడిచిపోయినట్టు. పేటి ముసలాయన పాటను సగం నోట్లనే ఉంచుకున్నడు.

రాజమణి నీలం బుగ్గల కింద నడిచింది. అంతయ్యకు మొదట ఎవరో అనిపించింది. తన ఇంటి అరుగు మీద వంగి బీడీలు చుట్టే పిల్ల ఇంత పొడుగు ఉన్నదని ఆయన ఎన్నడూ చూడలేదు.

లింగమూర్తి లేచిండు. "ఓ పిల్లా! గిదేం పని? మొగోళ్ళు కూసున్న కాడ... నడువు, లోపటికి నడువు. బావా, నువ్వన్న చెప్పవేందే?"

అందరు అంతయ్యను చూసిన్రు. అంతయ్య పెదవులు తడుపుకున్నడు. మార్కెట్టు, మాట, ఇజ్జత్, అన్నీ ఆయన కండ్ల ముందటికి వచ్చినయి.

"ఉండనియ్యి బావా" అన్నడు. "దాని ముచ్చట అది అడుగనియ్యి."

రాజమణి కైలాసం ముందట ఆగింది. పిలగాడు లేవబోయి, లేవాల్నో వద్దో తెలవక సగంలో ఆగి మల్ల కూసున్నడు. ముందట ఖాళీ గ్లాసు ఉన్నది.

"గ్లాసు వట్టు" అన్నది. "మొన్న నా పేరు మీద తాగిన్రట గద. నేను లేకుండె. ఇయ్యాల ఉన్న."

కైలాసం గ్లాసు పట్టుకున్నడు.

"మల్ల పోతవా?"

"పోవాలె."

"ఎన్నటికొస్తవ్?"

"రెండేండ్లకు సక్కగ వస్తడు" అని లింగమూర్తి నడుమ పడ్డడు. "బంగారం తెస్తడు, టీవీ తెస్తడు. మంచి కంపెనీ. నీకేం ఫికర్ పిల్లా?"

"మామా, నేను నిన్నడుగుతలేను."

ఎవరో వెనక టేబుల్ కాడ నవ్వబోయి మింగుకున్నరు.

రాజమణి సీసా వంచింది. బీరు మెడ దాక వచ్చి ఆగింది. ఇంకొంచెం వంగితె పడుతది.

"చెప్పు. వస్తవా, గొంతు పంపుతవా?"

కైలాసం మేనమామ దిక్కు చూసిండు. ఆయన కండ్లతోనే 'వస్త అను' అన్నడు. కైలాసం అంతయ్యను చూసిండు. అంతయ్య గ్లాసు దిక్కు చూస్తున్నడు. పిలగాడు నోరు తెరిచిండు. వస్త అనుడు ఎంత సులువు. బొంబాయిలో ఇమానం ఎక్కేటోళ్ళందరు అదే మాట అని ఎక్కుతరు.

పట్టుకున్న గ్లాసును కైలాసం టేబుల్ మీద పెట్టిండు. దాని మీద తన అరచెయ్యి బోర్లించిండు.

వద్దు, పొయ్యకు.

లింగమూర్తి తన కుర్చీని వెనకకు నూకిండు. "ఏం చేస్తున్నవురా నువ్వు? పిచ్చి లేసిందా?" తెర కాడ చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కిష్టవ్వ ఆమె భుజం మీది నుంచి చూస్తున్నది. చూడంగనే తెలిసింది, లేచి పోయే వేళ వచ్చిందని. దీని కోసమే గద ఇంత దూరం వచ్చింది.

"నడువు బిడ్డా" అన్నది కిష్టవ్వ. "బస్సు ఉన్నది. నడువు."

రాజమణి సీసా నిలబెట్టింది. గ్లాసు మీద ఉన్న ఆ చేతిని చూస్తున్నది. సిమెంటు తిన్న గోర్లు, వేళ్ళ మీద పగుళ్ళు. ఇన్నొద్దుల సంది తన పెండ్లి గురించి అందరూ తలా ఒక మాట అన్నరు. అబద్ధం చెప్పనిది ఆ చెయ్యి ఒక్కటే.

సీసా టేబుల్ మీద పెట్టింది. కిష్టవ్వ తెర దాటి ఒక అడుగు ముందటికేసి బిడ్డ కోసం చెయ్యి చాపింది.

రాజమణి లింగమూర్తి లేచిన కుర్చీని గుంజుకొని, కైలాసం ఎదురుంగ కూసున్నది.

"ఇగ మాట్లాడు" అన్నది.